ఏడు కాళ్లు మారిన గుడ్డ

కట్టు పనిచేసింది. పనిచేసినందుకే అది పనికిరాదని తేల్చారు.

వినడానికి పిచ్చిమాటలా ఉంటుంది. కానీ ఆ శనివారం పొద్దున ఒంగోలు దాటాక ఉన్న ఆ పుండ్ల ఆసుపత్రిలో జరిగింది అచ్చంగా ఇదే. హైదరాబాదు నుంచి వచ్చిన లెక్కల నిపుణుడు విశ్వేశ్వరం గారు బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పరిచారు. అరవై మంది రోగులు. అందరివీ మానని కాలిపుండ్లే. కొన్ని రెండేళ్లవి, కొన్ని పన్నెండేళ్లవి. చీట్లు తీసి ముప్పై మందికి జీవగుడ్డ కట్టారు, ముప్పై మందికి ఏ మందూ లేని బోడిగుడ్డ కట్టారు. చూడ్డానికి రెండూ ఒకటే, లేత గులాబి రంగు. ఎవరికి ఏది పడిందో రోగికి తెలియదు, కట్టేవాళ్లకు తెలియదు, డాక్టరుకూ తెలియదు. పన్నెండు వారాలకు లెక్క తీస్తే జీవగుడ్డ వాళ్లలో ఇరవై రెండు మందికి మానింది. బోడిగుడ్డ వాళ్లలో ఇరవై ఒక్క మందికి మానింది.

"తేడా లేదమ్మా," అన్నారాయన, చావు కబురు చెప్పేవాడి గొంతుతో.

శుభ్రంగా కడిగి, వేళకు కట్టు మారిస్తే ఏ గుడ్డతోనైనా మానుతాయని, ఇందులో గొప్పంతా కట్టిన చేతులదేనని ఆయన వివరించారు. సీసాల్లో పెంచుతున్న జీవగుడ్డను, కాళ్లకు మిగిలిన కట్లను సోమవారానికల్లా ఉడకబెట్టి పారేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. డాక్టర్ తస్లీమ్ ఆ కాగితాలను చూస్తూ కూర్చుంది. నాలుగేళ్ల పని. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసింది.

గోడవారన ట్రే పట్టుకుని నిలబడిన మార్తమ్మ నేల చూపులు చూసింది. ఆ గొప్ప చేతులు ఆమెవే. ఆ ఇరవై ఒక్క మందికి ఎందుకు మానిందో ఆ గదిలో ఆమె ఒక్కదానికే తెలుసు.

మార్తమ్మది కొఠారుపాలెం. ఉప్పు పండించే ఊరు. ఉప్పు మడి గట్ల మీదే పెరిగింది, పెళ్లయ్యాక మూడేళ్లు ఆ మడుల్లోనే ఉప్పు లాగింది. తర్వాత ఆసుపత్రిలో ఊడ్చే పనికి వచ్చి, నర్సులు పుండ్లు కడుగుతుంటే చూసి చూసి నేర్చుకుని, ఇరవై ఆరేళ్లుగా కట్లు కడుతోంది. పట్టా లేదు, పర్మినెంటు లేదు. కానీ పుండును చూసి అది ఎటు తిరుగుతుందో చెప్పాల్సి వస్తే పట్టాలున్నవాళ్లు ఆమె మొహం వైపు చూస్తారు.

ఉప్పు లాగేవాళ్ల కాళ్ల సంగతి ఏ ప్రభుత్వానికీ ఎప్పుడూ పట్టలేదు. అందరి కూరలోకీ ఉప్పు కావాలి, ఆ కాళ్లు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. రోజంతా కారు ఉప్పునీళ్లలో నిలబడితే తోలు బీటలు తీస్తుంది. చిన్న గీత పడితే చాలు, అది ఏళ్ల తరబడి మానదు. మందు రాస్తే మందు పైనే ఉండిపోతుంది. లోపల చేరిన క్రిములు తమ మీద ఒక జిగురు పొర అల్లుకుని దాని కింద హాయిగా కాపురం చేస్తాయి. ఏ మందూ ఆ పొర దాటదు.

ఆ పొరను మేసే జీవిని తస్లీమ్ పట్టుకుంది. ఎక్కడనుకున్నారు? ఆ మడుల్లోనే. ఎండాకాలం చివర మడిలో నీళ్లు చిక్కబడి గులాబి రంగుకు తిరుగుతాయే, ఆ రంగు కంటికి కనపడని ఒక జీవిది. దాన్ని నూలుదారంలో కాపురం పెట్టించి, ఆ దారంతో గుడ్డ నేయించింది. పుండు మీద వేస్తే అది జిగురు పొరను మేస్తుంది, మనిషి కండ జోలికి రాదు. పొర పోయాక క్రిములు దిక్కులేనివైపోతాయి. కాళ్లను తిన్న మడే కాళ్లకు మందిచ్చింది. చిక్కల్లా ఒకటే. ఆ జీవి సీసాలో ఉన్నకొద్దీ నీరసపడేది. అది ఎందుకో తస్లీమ్‌కు అంతుపట్టలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది, అది ఆమెకు తెలియనే తెలియదు. జీవగుడ్డకు వాసన ఉంది. మధ్యాహ్నం ఎండకు మడి ఎండి పెళ్లలు కట్టేటప్పుడు వచ్చే వాసన. పట్నం ముక్కుకు అది ఫినాయిల్లో కలిసిపోతుంది. కొఠారుపాలెం ముక్కుకు కలవదు. మొదటి వారంలోనే మార్తమ్మకు ఏ కాలికి ఏ గుడ్డ పడిందో తెలిసిపోయింది. వరండాలో బెంచీ మీద కట్టు మార్పించుకోవడానికి కూర్చునే ఆడవాళ్లకూ తెలిసిపోయింది. సగం మంది ఆ చుట్టుపక్కల ఉప్పు ఊళ్లవాళ్లే. "నీకు మడి వాసన వచ్చిందా?" అని ఒకళ్లనొకళ్లు అడుక్కునేవాళ్లు. వచ్చినవాళ్లు మొహాలు వెలిగించుకుని, రానివాళ్లు చీటీ వేసినవాణ్ణి తిట్టుకుని ఇళ్లకు పోయేవాళ్లు. పెద్ద పెద్ద చదువులవాళ్లు దాచిన గుట్టంతా ఒక బెంచీ మీద ఆడవాళ్ల ముక్కు ముందు తేలిపోయింది.

మూడో వారంలో నాగరత్నం కాలు తీసేశారు.

నాగరత్నం హాస్టల్లో వంటమనిషి. ఇరవై ఏళ్లు పొయ్యి ముందు నిలబడిన కాళ్లు. కుడికాలికి పుండు. ఆమెకు పడింది బోడిగుడ్డ. మార్తమ్మకు అది తెలుసు. కుళ్లు మడమ నుంచి పిక్కకు ఎక్కుతుంటే కట్టు విప్పిన ప్రతిసారీ తెలుస్తూనే ఉంది. రెండడుగుల దూరంలో, గాజు తలుపు వెనక, జీవగుడ్డ ఉంది. నిబంధన ప్రకారం దాన్ని ముట్టుకోకూడదు. మార్తమ్మ ముట్టుకోలేదు. తస్లీమ్‌కు ఏ గుడ్డో తెలియదు కాబట్టి ఆమె చేయగలిగిందంతా చేసి చివరికి పెద్దాసుపత్రికి పంపింది. అక్కడ మోకాలి కింద కోసేశారు. ఆ కబురు విన్న రోజు మార్తమ్మ అన్నం ముందు కూర్చుని చేయి కడిగేసుకుంది.

ఆ మరుసటి వారం బెంచీ మీద సీతారావమ్మ అనే ఆవిడ కాలు చాపింది. జీవగుడ్డ పడిన అదృష్టవంతురాలు. పుండు ఎర్రగా, తేటగా, దానిమ్మ గింజల్లా కండ పోసుకుంటోంది. ఆవిడ పక్కనున్న ముసలామె కాలు వైపు చూసి, చూసి, మామూలుగా అనేసింది.

"మార్తమ్మా, నా దాంట్లోంచి గోరంత కత్తిరించి ఈమె కట్టులో పెట్టరాదూ. పక్కింటోళ్లు గిన్నె పట్టుకుని వస్తే పెరుగు తోడు ఇయ్యమా ఏంది."

మార్తమ్మ చేతిలో కత్తెర ఉంది. నాగరత్నం కాలు కళ్ల ముందు ఉంది. కత్తిరించింది. నాలుగో రోజుకు ముసలామె కట్టు విప్పితే గుప్పున మడి వాసన.

అంతే, ఆ వరండాకు తెలిసిపోయింది. ఆ ముసలామె నుంచి ఇంకొకరికి, ఆమె నుంచి మరొకరికి. ఎవరూ దాన్ని మోసం అనుకోలేదు. తోడు అడిగితే లేదనే ఇల్లు ఆ ఊళ్లలో ఉండదు. పరిశోధన అంటే ఒకరికిచ్చి ఇంకొకరికి ఇవ్వకుండా చూస్తూ కూర్చోవడమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్లు కాదనుకోండి.

ఒక్కరు మాత్రం వెంటనే తీసుకోలేదు. పేరమ్మ, మార్తమ్మ మొగుడి అక్క. భర్త పోయాక తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. తొమ్మిదేళ్ల పుండు, ఎడమకాలు. ఆమెదీ బోడిగుడ్డే. కానీ మార్తమ్మ ఎప్పుడు కత్తెర పట్టుకుని తన దగ్గరికి వచ్చినా ముందు అటు చూడు, ఇటు చూడు అంటూ పక్కవాళ్లను చూపించేది. వడ్డించే ఇంటివాళ్లు ఆఖరి బంతిలో కూర్చోవాలని ఆమె పట్టుదల. అలా ఆరుగురి తర్వాత, తొమ్మిదో వారంలో, ఏడో కాలుగా ఆమె వంతు వచ్చింది. అందుకే పన్నెండో వారం లెక్కలో ఆమె ఇంకా మానని తొమ్మిది మందిలోనే మిగిలింది. అయితే ఆ మూడు వారాల్లోనే, అరచేయంత పుండు రూపాయి బిళ్లంత అయింది. గుడ్డ ఉడకబెట్టేస్తే అది మళ్లీ అరచేయంత అవుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో నాగరత్నాన్ని అడగాలి.

శనివారం సాయంత్రం మార్తమ్మ ఇంటికి వెళ్లి జరిగింది చెప్పింది. పేరమ్మ గుమ్మంలో పీట మీద కాలు పెట్టుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అంతా విని చేతిలో ఉన్న కాయ ఈనె తీసి గిన్నెలో పడేసింది.

"అయితే చెప్పెయ్యి," అంది.

చెబితే ఉద్యోగం పోతుందని మార్తమ్మ అంది. కేసు కూడా పెట్టొచ్చంది. చెప్పినా లాభం ఉండకపోవచ్చని, చెడిన పరిశోధన చెడినట్టేనని, డాక్టరమ్మ తనను నమ్మి తాళాలిచ్చిందని, ఆ మొహం ఎలా చూడాలని ఏకరువు పెట్టింది. పేరమ్మ చిక్కుడుకాయ విరిచింది.

"నాగరత్నం కాలు పోయేటప్పుడు గమ్మునున్నావు. రూలన్నావు. ఇప్పుడు గమ్మునుంటే దీన్నేమంటావే?"

మార్తమ్మ ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, పొయ్యి వెలిగించింది. ఆదివారం ప్రార్థనకు వెళ్లింది కానీ పాట నోటికి రాలేదు. సోమవారం అందరికంటే ముందు ఆసుపత్రికి చేరి, తస్లీమ్ గది ముందు నిలబడింది.

తస్లీమ్ వినుకొండ పిల్ల. ముప్పై ఎనిమిదేళ్లు. ఎంత విసుగులోనైనా మార్తమ్మను మీరు అనే పిలిచేది. ఆ రోజు విన్నాక మొదటిసారి ఆ మాట జారింది.

"నువ్వేం చేశావో నీకు తెలుసా? ఒకరి పుండు రసి తీసి ఇంకొకరి పుండులో పెట్టావు. వాళ్ల రక్తంలో ఏముందో చూశావా? నాలుగేళ్ల పని పోయింది, పోనీ. ఆ మనుషులకేమైనా అయితే?"

మార్తమ్మ ఉద్యోగం గురించి భయపడింది, కేసు గురించి భయపడింది, ఈ భయం ఒక్కటి ఆమెకు తట్టనే లేదు. ఆమె మంచి పనే చేసిందని చెప్పడానికి నేనిక్కడ లేను. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టే చేత్తోనే తెలియక విషం పెట్టొచ్చు. గోరంత గుడ్డతో కామెర్లు రావచ్చు, ఇంకా పెద్దవీ రావచ్చు.

తస్లీమ్ ఉడకబెట్టే పని ఆపించింది. పైవాళ్లకు తనే ఉత్తరం రాసి దాచకుండా అంతా చెప్పింది. అరవై మందినీ పిలిపించి రక్తం తీయించింది. ఫలితాలు రావడానికి ఆరు రోజులు. ఆ ఆరు రోజులూ ఇంట్లో మార్తమ్మకు పేరమ్మే అన్నం కలిపి ముద్దలు పెట్టాల్సి వచ్చింది.

ఏడో రోజు కాగితాలు వచ్చాయి. యాభై తొమ్మిది మంది శుభ్రంగా ఉన్నారు. ఒకే ఒక్కడి రక్తంలో కాలేయాన్ని తినే కామెర్ల క్రిమి ఉంది. వీరాసామి, కోల్డ్ స్టోరేజీలో కాపలా మనిషి. ఆయనది జీవగుడ్డ. తస్లీమ్ మార్తమ్మను పిలిచి, ఈయన గుడ్డలోంచి ఎవరెవరికి ఇచ్చావని అడిగింది.

మార్తమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఎవరికీ లేదు మేడమ్. రెండుసార్లు అడిగాను. నా గుడ్డ నాది, ముట్టుకుంటే ఊరుకోనన్నాడు. బెంచీ అంతా నెలరోజులు ఆయన్ని పిసినారోడని తిట్టింది."

ఆ పిసినారికి వరండా అంతా రుణపడి ఉంది. తర్వాత ఆ మాట తెలిసి సీతారావమ్మ స్వయంగా ఆయనకు అరిసెలు పంపించింది. ఎందుకు పంపిందో చెప్పలేదు, ఆయనా అడగకుండా తినేశాడు. ఆయన కామెర్లకు మందు మాత్రం ఆ వారమే మొదలైంది. ఈ గొడవ జరగకపోతే అది బయటపడేదే కాదు.

భయం తీరాక తస్లీమ్ మెదడు మళ్లీ పని మొదలుపెట్టింది. ఎవరి నుంచి ఎవరికి, ఏ రోజు, అని మార్తమ్మను అడిగింది. కాగితం మీద ఏదీ లేదు. కానీ పెళ్లిలో ఎవరు ఎవరి తాలూకో చెప్పినట్టు మార్తమ్మ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. తస్లీమ్ గోడ మీద వంశవృక్షంలా గీసుకుంటూ పోయింది. మూడో కాలు దగ్గర గీయడం ఆపింది. ఐదో కాలు దగ్గర కుర్చీలో కూర్చుంది. సీతారావమ్మ పుండు మానడానికి తొమ్మిది వారాలు. ఆమె నుంచి తీసుకున్న ముసలామెకు ఏడు. తర్వాతి ఆమెకు ఆరు. కాలు మారినకొద్దీ రోజులు తగ్గుతున్నాయి. ఏడో కాలు పేరమ్మది, మూడు వారాల్లో తొమ్మిదేళ్ల పుండు రూపాయి బిళ్లంత.

పేరమ్మను ఆటోలో పిలిపించి ఆమె గుడ్డలోంచి దారప్పోగు తీశారు. గాజుపళ్లెంలో పెంచిన జిగురు పొర మీద ఒకవైపు సీసా గుడ్డ, ఇంకోవైపు పేరమ్మ పోగు. సీసా గుడ్డకు ఆ పొర తినడానికి రెండు రోజులు పట్టింది. పేరమ్మ పోగు మధ్యాహ్నం భోజనాల వేళకు పళ్లెం నాకేసింది. ఆ పోగునే సీసాలో దాచి వారం తర్వాత చూస్తే సగం నీరసం.

తస్లీమ్ నాలుగేళ్లుగా వెతికిన జవాబు అదే. ఆ జీవికి సీసా పడదు. కొత్త పుండు, కొత్త క్రిములు, కొత్త పోరు కావాలి. ఒక్కో కాలు దగ్గర అది ఒక్కో విద్య నేర్చుకుని పోతోంది. ఎంత చదివినా ఆమెకు తట్టనిది బెంచీ మీద కూర్చుని సీతారావమ్మ అనేసింది.

"మిమ్మల్ని క్షమించలేను మార్తమ్మా," అంది తస్లీమ్ ఆ సాయంత్రం. మీరు అనే పిలుపు తిరిగి వచ్చింది. "కానీ మీకు దణ్ణం పెట్టకుండా ఉండలేను."

పాత పరిశోధన రద్దయింది. కావలసిందే. మార్తమ్మ ఉద్యోగం పోయింది. తస్లీమ్‌కు మెమో ఇచ్చారు. ఆ మెమో జేబులో పెట్టుకునే ఆమె కొత్త పరిశోధనకు పైవాళ్ల ముందు కొట్లాడింది. ఈసారి బోడిగుడ్డ ఎవరికీ కట్టకూడదు. ఒక గుంపుకు జీవగుడ్డ, ఇంకో గుంపుకు ఇప్పుడున్న వాటిలో మంచి మందు, నాలుగు వారాలకు మానే జాడ లేకపోతే వాళ్లకూ జీవగుడ్డే. ఇప్పటికే ఒక కాలు పోయినవాళ్లను చీట్లలో వేయకూడదు, నేరుగా జీవగుడ్డ కట్టాలి. గుడ్డ ఒక కాలి నుంచి ఇంకో కాలికి పోయేముందు రక్త పరీక్ష జరగాలి, సన్నటి వడపోతలో మనిషి రసి అంతా పోయి ఆ జీవి ఒక్కటే మిగలాలి. పదిహేడు రోజుల్లో అనుమతి వచ్చింది. మన దేశంలో పదిహేడు రోజుల్లో అనుమతి వచ్చిందంటే నమ్మరు, నేనూ నమ్మను, కానీ వచ్చింది.

అప్పటికి పేరమ్మ పుండు శనగగింజంత మిగిలింది. ఏడు కాళ్లు మారిన గుడ్డ లోకంలో అదొక్కటే. మిగతావాళ్లకు మానిపోయి వాళ్ల కట్లు ఎప్పుడో కాల్చేశారు. పేరమ్మ పుండు పూర్తిగా మూసుకుంటే ఆ వంశం అక్కడితో ఆగిపోతుంది. పైగా వడపోతకు గోరంత చాలదు, మొత్తం గుడ్డ కావాలి. ఆమె కాలికి మళ్లీ సీసా గుడ్డే గతి.

అనుమతి వచ్చిన రోజే, పొద్దు గూకే వేళకు, ఆసుపత్రి వరండాలోకి కర్ర చప్పుడు వచ్చింది. పేరమ్మను తీసుకువచ్చి బెంచీ మీద కూర్చున్న మార్తమ్మ తలెత్తి చూసి, లేచి నిలబడింది. నాగరత్నం. మిగిలిన ఎడమకాలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. భారమంతా ఆ కాలి మీదే పడి మడమ పగిలి పుండైంది. తస్లీమే కబురు పెట్టి పిలిపించింది.

నాగరత్నం కూర్చోలేదు. కర్ర మీద ఆనుకుని మార్తమ్మ కళ్లలోకి చూసింది.

"నాకు పడింది ఉత్త గుడ్డని నీకప్పుడే తెలుసంటగా. నిజమేనా?"

"నిజమే."

"ఎన్ని రోజులు తెలుసు?"

"పద్దెనిమిది రోజులు."

తస్లీమ్ గుమ్మంలో ఆగిపోయింది. మార్తమ్మ చేతులు జోడించలేదు, క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేదని ఆమెకు తెలుసు.

నాగరత్నం బెంచీ మీద కూలబడి కర్ర పక్కన పెట్టింది. కాలు చాపింది.

"ఈ కాలికి నువ్వే కట్టు కట్టు. ఇంకెవరి చేయీ వద్దు నాకు."

పేరమ్మ అప్పటికే తన కట్టు ముడి విప్పుకుంటోంది. విప్పుతూ విప్పుతూ ఆగి బయటి చీకటి వైపు చూసింది.

"దీపాలు పెట్టినాక తోడు ఇయ్యకూడదంటారే."

"కరెంటు పోయి గంటైంది వదినా," అంది మార్తమ్మ. "ఇంకా ఎవరూ దీపం పెట్టలా."

"అయితే సరే," అని పేరమ్మ మొత్తం గుడ్డ తీసి చేతిలో పెట్టింది. ఇంకో నెల పడుతుంది మీకు, ఆలోచించుకోండి అని తస్లీమ్ హెచ్చరించబోయింది. ఈ పుండు తొమ్మిదేళ్లు కాపురం చేసింది, ఇంకో నెల ఉంటే దానికి విడిగా వండిపెట్టాలా ఏమిటని పేరమ్మ కొట్టిపారేసింది. నాగరత్నం నవ్వింది. కాలు పోయాక ఆమె నవ్వడం ఎవరూ చూడలేదు.

వడపోతకు ఒక రోజు పట్టింది. మర్నాడు తస్లీమ్ చేతి తొడుగుల జత తెచ్చి, ఉద్యోగం లేని మార్తమ్మకు, అందరూ చూస్తుండగా, రెండు చేతులతో అందించింది. మార్తమ్మ నేల మీద కూర్చుని నాగరత్నం కాలు ఒళ్లో పెట్టుకుని కడిగింది. కడుగుతున్నంతసేపూ ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ప్రార్థనో, లెక్కో, ఎవరికీ వినపడలేదు. గుడ్డ పరిచి, నలుచెరగులా సరిచేసి, బిగువు చూసి ముడి వేసింది.

నాలుగో రోజు కట్టు మార్చే వేళకు నాగరత్నం అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. మార్తమ్మ ముడి విప్పుతుంటే ఆమె చేయి పట్టుకుని ఆపింది. వంగలేని మనిషి వంగి, కాలు పైకి లాక్కుని, ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది. బెంచీ అంతా చెప్పుకున్న, నడి ఎండలో మడి పెళ్లలు కట్టే వాసన.

తలెత్తేసరికి ఆమె కళ్లు నిండిపోయి ఉన్నాయి. మార్తమ్మ తల మీద ఒక్కసారి చేయి వేసి తీసేసింది. తర్వాత బెంచీ ఆ చివర నుంచి ఈ చివరికి కూర్చున్న కాళ్లన్నిటినీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ వచ్చి అడిగింది.

"నా తర్వాత ఎవరికి?"